ఉబ్బసము – హోమియో వైద్యము

(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలలో సాహిత్యమును గూర్చియో, గ్రంథాలయోద్యమమును గూర్చియో మాటలాడుట వాడుక. కార్యదర్శిగారు నన్ను మాత్రము ఉబ్బసమునకు హోమియో వైద్యమును గూర్చి మాటలాడుమని కోరినారు. అందుకు కారణము మీకందరకును తెలిసినదే. మన గ్రంథాలయపు వరండాలో ప్రతి ఆదివారము ఉదయము ఒక చెక్కపెట్టె ముందు పెట్టుకొని తీపి గుళికలు పంచుచు వచ్చినవాడను నేనే. నేను వైద్యుడను కాను. బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. నాకు తెలిసిన హోమియో అంతయు మన మూడవ బీరువాలోని తెలుగు పుస్తకములనుండి నేర్చుకొన్నదే. ఆ పెట్టెయొద్దకు వచ్చినవారిలో సగముమంది ఆయాసముతో వచ్చినవారే. కాబట్టి ఈ విషయమున నేను మీకు ఒక లెక్క అప్పగింపవలసియున్నది. నేడు ఆ లెక్కయే చెప్పుచున్నాను.

మొదట వ్యాధిని గూర్చి నాలుగు మాటలు. మనము ఉబ్బసమనియు, ఆయాసమనియు, తెలంగాణమున దమ్ము అనియు పిలుచు ఈ జబ్బు క్రొత్తది కాదు. చరకసంహితలో శ్వాసరోగములు ఐదు చెప్పబడినవి. అందు తమకశ్వాసమను దాని లక్షణములు చదివినచో మన యింటి రోగినే చూచి వ్రాసినట్లుండును. మబ్బు పట్టినప్పుడును, వాన కురిసినప్పుడును, చలిగాలి, తూరుపుగాలి వీచినప్పుడును అది హెచ్చును. పండుకొన్నచో బాధ పెరుగును, లేచి కూర్చున్నచో కొంత సుఖము కలుగును. ఈ వ్యాధి క్రొత్తగా పుట్టినప్పుడు సాధ్యము కావచ్చును గాని, సాధారణముగా యాప్యము అని చరకుడు నిర్ణయించెను. యాప్యమనగా చికిత్స సాగుచున్నంతకాలము అదుపులో నుండునది. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. మరల దీనియొద్దకు వత్తును.

నేటి వైద్యశాస్త్రము చెప్పునది ఏమనగా: ఊపిరితిత్తులలోనికి గాలిని కొనిపోవు సన్నని గొట్టములు ఈ రోగులలో ఎల్లప్పుడును కొంత వాచి యుండును. దుమ్ము, పొగ, పుప్పొడి, చలిగాలి, జలుబు ఏదో యొకటి తగులగానే ఆ గొట్టముల చుట్టునున్న కండరములు బిగిసికొనును; లోపలి పొర మరింత ఉబ్బును; చిక్కని కఫము చేరును. మన పంటకాలువనే తలచుకొనుడు. ఇరుప్రక్కల గట్లు లోనికి జరిగి, అడుగున ఒండ్రు చేరినచో నీరెట్లు పారును? పిల్లికూతలు వినబడుట అందులకే. బిగువు సడలింపవలెను, వాపు తగ్గింపవలెను. ఈ రెండును వేర్వేరు పనులు. వీనికి మందులును వేర్వేరు.

ఇది చిన్న జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కప్రకారము 2019లో ప్రపంచమున సుమారు 26 కోట్ల 20 లక్షలమందికి ఉబ్బసము కలదు. ఆ యేట 4 లక్షల 55 వేలమంది దానివలన మరణించిరి. ఆ యేటి అంచనాలనుబట్టి ప్రపంచపు ఉబ్బస రోగులలో ఎనిమిదింట ఒకరు మన దేశమువారు. మరణములలోనో, పదింట నలుగురికి పైగా మనవారే. రోగులలో ఎనిమిదవ వంతు, చావులలో అయిదింట రెండు వంతులు! మన గాలియంతయు అంత చెడ్డదా? మన శరీరములు అంత బలహీనములా? వైద్యులు చెప్పు ముఖ్యకారణములలో ఒకటి ఇది: మన దేశమున అనేకులకు జబ్బును గుర్తించుటయే ఆలస్యమగును, గుర్తించిన తరువాతను, తీసికొనవలసిన మందును సక్రమముగా తీసికొనరు. ఆ తీసికొననివారిలో నా చెక్కపెట్టెయొద్దకు వచ్చినవారును ఉన్నారు.

ఇక హోమియోను గూర్చి. దీనిని స్థాపించిన సామ్యుయేలు హానిమన్ 1755లో జర్మనీదేశపు సాక్సనీలో మైసెన్ పట్టణమున జన్మించి, 1843లో పారిసు నగరమున మరణించెను. ఆయన కాలమున వైద్యమనగా రక్తము తీయుట, పాదరసము పెట్టుట, విరేచనములు చేయించుట. రోగముకంటె వైద్యమే ప్రాణాంతకముగా నుండెడిది. దానికి ఎదురు నిలిచిన ధైర్యశాలి ఆయన. 1790లో ఒక గ్రంథమును అనువదించుచు, మలేరియాకు వాడు సింకోనా పట్టను తానే తిని చూచెను. జ్వరమువంటి లక్షణములు తోచినవట. ఆరోగ్యవంతునిలో ఏ లక్షణములను పుట్టించునో, రోగిలో ఆ లక్షణములనే ఆ మందు పోగొట్టునను సూత్రము అందుండి పుట్టినది. 1810లో ఆయన ఆర్గనాన్ అను గ్రంథమును ప్రకటించెను.

మన దేశమున హోమియోకు పేరు తెచ్చినవారిలో కలకత్తా నగరపు డాక్టరు మహేంద్రలాల్ సర్కారు ముఖ్యుడు. ఆయన ఇంగ్లీషు వైద్యమున ఎం.డి. పట్టము పొందినవాడు. మొదట హోమియోను పరిహసించినవాడే. ఒక హోమియో పుస్తకమును విమర్శింపబూని చదివి, రోగులను పరిశీలించి, మనస్సు మార్చుకొని, 1867లో వైద్యుల సభలో ఆ సంగతి బాహాటముగా చెప్పెను. తోటి వైద్యులు ఆయనను వెలివేసిరి. ఆయన వెనుదీయలేదు. శ్రీరామకృష్ణ పరమహంసకు అంత్యదశలో వైద్యము చేసినవారిలో ఆయన ఒకడు. 1876లో ఆయనయే కలకత్తాలో విజ్ఞానశాస్త్ర పరిశోధన సంస్థను నెలకొల్పెను. సర్ సి.వి. రామన్ 1928లో లోకప్రసిద్ధమైన తన ఆవిష్కారమును చేసినది ఆ సంస్థలోనే. ఒక హోమియో వైద్యుడు కట్టిన ప్రయోగశాల మన దేశమునకు నోబెలు బహుమానమును తెచ్చినది. ఆయనను నేను గురుతుల్యునిగా తలచుటకు కారణము ఆయన మందులు కావు; సత్యమని తోచినదానికొరకు నిన్నటి అభిప్రాయమును విడువగల ఆ గుండె.

మన తెలుగునాట గుడివాడలో డాక్టరు గురురాజుగారి పేర హోమియో కళాశాల 1945నుండి నడచుచున్నది. 1973లో కేంద్రప్రభుత్వము హోమియోకు ప్రత్యేక శాసనము చేసినది. 2020లో దానికి బదులు క్రొత్త శాసనము వచ్చినది. కాబట్టి చదువుకొని, పట్టము పొంది, పేరు నమోదు చేయించుకొన్న హోమియో వైద్యులు వేరు. పుస్తకము చూచి పెట్టె తెరచిన నావంటి పంతుళ్ళు వేరు.

ఉబ్బసమునకు హోమియో గ్రంథములలో మందులు పెక్కు. అర్ధరాత్రి దాటిన తరువాత ఆయాసము వచ్చి, భయముతో లేచి కూర్చుండువానికి ఆర్సెనికం. తడిగాలికి హెచ్చినచో నేట్రం సల్ఫ్. కఫముతో రొమ్ము నిండి వాంతి వచ్చునట్లున్నచో ఇపికాక్. తెల్లవారుజామున వచ్చినచో కాలీ కార్బ్. లక్షణములను ఇంత శ్రద్ధగా గమనించిన గ్రంథములు అరుదు. ఉబ్బసము రాత్రివేళ, తెల్లవారుజామున హెచ్చుననుట నేటి శాస్త్రమును ఒప్పుకొన్నదే. వీనిలో బ్లాటా ఓరియంటాలిస్ అను మందు కథ మన దేశమున పుట్టినది. కలకత్తా వైద్యుడు డి.ఎన్. రే వ్రాసినదానినిబట్టి, ఆయాసముతో బాధపడుచుండిన ఒక పెద్దమనిషి ఒకనాడు టీ త్రాగగానే సుఖము పొందెను. రోజును త్రాగు టీయే గదా, ఈనాడు విశేషమేమని పాత్ర వెదకిచూడగా అందులో ఉడికిన బొద్దింక కనబడినదట! ఆ బొద్దింకయే హోమియోలో ఉబ్బసపు మందైనది. ఈ కథ చెప్పినపుడెల్ల మీరు నవ్వెడివారు, నేనును నవ్వెడివాడను. ఐతే ఒక సంగతి నాకు ఆలస్యముగా తెలిసినది. బొద్దింకల విసర్జనము, వాని శరీరపు పొట్టు ధూళిలో కలిసి గాలిలో చేరి, ఉబ్బసమును రేపు ముఖ్యకారణములలో ఒకటి యగునని ఇటీవలి పరిశోధనలు నిశ్చయించినవి. అనగా వంటింటిలో బొద్దింకలు లేకుండ చేయుట, బొద్దింక మందు మ్రింగుటకంటె ఉబ్బసరోగికి ఎక్కువ మేలు చేయును.

ఇప్పుడు నా లెక్కకు వత్తును.

2009వ సంవత్సరము. దీపావళి వెళ్ళి కార్తీకమాసము నడచుచున్నది. టపాకాయల పొగ, చలి మంచు, కుప్పనూర్పిళ్ళ ధూళి అన్నియు ఒక్కసారి కూడినవి. మా అక్కగారి కుమారునికి అప్పుడు పదునేడేండ్లు. చిన్ననాటినుండి ఉబ్బసము కలదు. పట్టణములోని వైద్యుడు ఇన్‌హేలరు వ్రాసి యిచ్చియుండెను. రెండు నెలలకు ముందు నేనే దానిని మాన్పించితిని. "ఆ గొట్టము అలవాటైతే జన్మలో వదలదురా. వ్యాధిని లోనికి అణచివేస్తుంది. నేను మూలమునుండి తీసివేస్తాను" అంటిని. నేను చదివిన పుస్తకములలో అట్లే యుండెను. వాడు నామాట కాదనువాడు కాడు.

ఆనాటి సాయంకాలము వానికి ఆయాసము మొదలైనది. ఆర్సెనికం ముప్పయి పొటెన్సీ ఇచ్చితిని. అరగంటకు ఎట్లున్నదంటిని. "కొంచెం తేలికగానే ఉంది మామయ్యా" అన్నాడు. నాకు సంతోషమైనది. తొమ్మిది గంటలకు కూతలు హెచ్చినవి. మందు పనిచేయుటకు ముందు లక్షణములు ఒకింత పెరుగునని మా పుస్తకములలో కలదు. దానిని శుభసూచనగా చెప్పుదురు. నేనును అట్లే తలచితిని. అర్ధరాత్రి దాటినది. వాని రొమ్ములో కూత ఆగిపోయినది. తగ్గినదనుకొంటిని. దీపము దగ్గరకు తెచ్చి చూడగా పెదవులు నీలముగా నున్నవి. వాడు మాట పలుకలేకున్నాడు. గాలి ఆడకపోవుటచేత కూతయును ఆగినదని నాకు తెలియదు.

మా అక్కగారు నన్ను ఒక్క మాటయు అనలేదు. మా పక్కింటి అబ్బాయి 108కి ఫోను చేసినాడు. ఆ బండిలో ఆక్సిజను పెట్టి, నెబ్యులైజరుతో మందు పట్టుచు ఆసుపత్రికి చేర్చిరి. మూడు దినములకు వాడు లేచి కూర్చున్నాడు. నేడు వాడు ఇద్దరు బిడ్డల తండ్రి. ఈ సభలోనే ఎక్కడో కూర్చుండి యుండును.

ఆసుపత్రినుండి పంపునాడు అక్కడి యువ వైద్యుడు నన్ను ప్రక్కకు పిలిచి, చేతిలో ఒక చిన్న గొట్టము పెట్టి, "మాస్టారూ, మీరు ఒకసారి బలంగా ఊదండి" అన్నాడు. ఊదితిని. అందులోని ముల్లు ఒక అంకెయొద్ద నిలిచినది. తరువాత మా వానిచేత ఊదించినాడు. అరువది దాటిన నా ఊపిరిలో వానిది సగము. "ఇప్పుడెలా ఉందిరా?" అని వైద్యుడు అడిగెను. "బాగానే ఉందండి" అన్నాడు మావాడు. "చూశారా మాస్టారూ, బాగానే ఉందని నోరు చెబుతోంది. ఊపిరి ఏం చెబుతోందో ఈ ముల్లు చెబుతోంది" అన్నాడు ఆయన. నన్ను నిందింపలేదు. నిందించియున్నచో నాకు తేలికగా నుండెడిది.

ఆ ముల్లు నన్ను చాలకాలము నిద్రపోనీయలేదు. రెండేండ్లకు, 2011లో, అమెరికాదేశపు బోస్టను నగరమున జరిగిన ఒక పరీక్ష వివరములు చదువ తటస్థించినది. ఉబ్బసరోగులను తీసికొని, ఒక్కొక్కరికి వేర్వేరు దినములలో నాలుగు విధములుగా చేసిచూచిరి. ఒకనాడు నిజమైన మందున్న ఇన్‌హేలరు. ఒకనాడు మందు లేని ఉత్త ఇన్‌హేలరు. ఒకనాడు సూదులు గ్రుచ్చినట్లు నటించు ఉత్తుత్తి చికిత్స. ఒకనాడు ఏమియు లేక ఊరక కూర్చుండబెట్టుట. పరీక్షను ముగించినవారు 39 మంది. నిజమైన మందు పీల్చిననాడు వారి ఊపిరి నూటికి 20 వంతులు పెరిగినది. తక్కిన మూడు విధములందును సుమారు 7 వంతులే. ఊరక కూర్చున్నను అంతే, ఉత్త గొట్టము పీల్చినను అంతే. కాని "మీకు ఎంత సుఖము కలిగినది?" అని అడిగినప్పుడు, నిజమైన మందునకు నూటికి 50 వంతులనిరి, ఉత్త ఇన్‌హేలరునకు 45, ఉత్తుత్తి సూదులకు 46, ఊరక కూర్చున్నందుకు 21.

సోదరులారా, ఈ అంకెలలో నా ఆదివారములన్నియు ఉన్నవి. వైద్యము జరుగుచున్నదను నమ్మకమే రోగికి సుఖమును కలిగించును. ఆ సుఖము బొంకు కాదు. రోగి నిజముగానే దానిని అనుభవించును. కాని ఊపిరిగొట్టము మాత్రము తెరచుకొనదు. తలనొప్పి యందైనచో ఆ సుఖమే చాలునని ఊరకుండవచ్చును. ఉబ్బసమున అట్టి సుఖము ప్రమాదము. ఏలయన రోగి తేలికపడితినని నిద్రించును. గొట్టము మూసికొనుచునే యుండును.

హోమియోమందును ఉబ్బసముపై నేరుగా పరీక్షించినవారును ఉన్నారు. న్యాయముగా రెండు పక్షములను చెప్పెదను. 1994లో గ్లాస్గోలో 28 మంది రోగులపై జరిగిన పరీక్ష హోమియోకు అనుకూలముగా వచ్చినది. నేనది చదివి పొంగిపోయితిని. ఐతే 2002లో ఇంగ్లండున, ఇంటిధూళిలోని సూక్ష్మకీటకములవలన ఉబ్బసము కలుగు 242 మందిపై ఇంతకంటె పెద్ద పరీక్ష జరిగినది. మందు గుళికలకును ఉత్త గుళికలకును భేదము కనబడలేదు. "హోమియోలో అందరికి ఒకే మందు ఉండదు, మనిషినిబట్టి మందు" అని మీరు అనవచ్చును. నేనును అట్లే అంటిని. 2003లో ప్రకటింపబడిన పరీక్షలో 96 మంది పిల్లలకు, అనుభవముగల హోమియో వైద్యులే ఒక్కొక్క బిడ్డను పరిశీలించి, ఆ బిడ్డకు తగిన మందును నిర్ణయించిరి. మామూలు వైద్యమునకు తోడుగా ఒక సంవత్సరము నడిపిరి. భేదము లేదు. 2004లో ఆరు పరీక్షలను, 556 మంది రోగులను కలిపి చూచిన సమీక్ష, ఉబ్బసమున హోమియో పనిచేయునని చెప్పుటకు తగిన ఆధారము లేదనెను. 2015లో ఆస్ట్రేలియా ప్రభుత్వపు వైద్యపరిశోధన మండలి, ఏ వ్యాధియందును హోమియోకు నమ్మదగిన ఆధారము లేదని తేల్చినది.

ఏల ఇట్లు? ముప్పయి పొటెన్సీ యనగా ఒక బొట్టు మందును 99 బొట్ల ద్రవములో కలిపి, అందుండి ఒక బొట్టు తీసి మరల 99 బొట్లలో కలిపి, ఇట్లు 30 మారులు చేయుట. పండ్రెండవ మారు దాటిన తరువాత అసలు మందు అణువు ఒక్కటైనను మిగులునని ఆశింప వీలులేదు. ముప్పయవ మారునకు, మొదటి బొట్టును కలుపుటకు భూగోళమంతయు నీరే యైనను చాలదు. హానిమన్‌ను తప్పుపట్టరాదు. అణువు పరిమాణమును లోష్మిట్ అను శాస్త్రజ్ఞుడు తొలుత లెక్కగట్టినది 1865లో. అప్పటికి హానిమన్ గతించి 22 ఏండ్లు. ఆయనకు తెలియదు. మనకు తెలియును.

"మరి మాస్టారూ, మీ గుళికలతో మా పిల్లకు తగ్గినదే!" అని ఇచ్చటనే పలువురు అడుగుదురు. తగ్గినమాట నిజమే. చిన్నపిల్లలలో ఆయాసము పెక్కుమందికి పెరుగుచు పెరుగుచు తనంతట తగ్గును. పెద్దలలోను ఈ జబ్బు అలవలె వచ్చి అలవలె పోవును. అల మిక్కిలి లేచినపుడే మనము మందునకు పరుగెత్తుదుము. తరువాత అది తగ్గకేమి చేయును? మృగశిర కార్తెనాడు హైదరాబాదులో చేపమందు మ్రింగుటకు దేశమంతటినుండి జనులు బారులు తీరుదురు. ఆ వేసవి ధూళి అణగి వాన పడుకాలమున కొందరికి తగ్గుటయు కద్దు, కొందరికి హెచ్చుటయు కద్దు. తగ్గినవారు చెప్పుదురు, హెచ్చినవారు మౌనముగా నుందురు.

మరియొక హెచ్చరిక. పేరు లేని పొట్లములలో "ఉబ్బసమును వేరుతో తీయు పొడి" అని అమ్మువారు కలరు. అట్టివానిలో రహస్యముగా స్టిరాయిడు మందు కలిపిన సందర్భములు మన దేశమున బయటపడినవి. తిన్న మరునాటికే అద్భుతముగా తగ్గును. నెలలు గడచినకొలది ముఖము ఉబ్బును, రక్తపోటును మధుమేహమును పైకొనును. హఠాత్తుగా మానినచో ప్రాణాపాయము. ఇన్‌హేలరులో స్టిరాయిడున్నదని భయపడి, ఇట్టి పొడులు మ్రింగుట నిప్పుకు వెరచి మంటలో దూకుటయే.

ఇన్‌హేలరును గూర్చి మన ఊరిలోనున్న అపోహలు నాకు బాగుగా తెలియును; కొన్నిటిని నేనే వ్యాపింపజేసితిని. అది అలవాటగునందురు. కండ్లజోడు అలవాటగుననుట వంటిదే ఆ మాట. చత్వారము పోలేదు కాబట్టి జోడు. వాపు పోలేదు కాబట్టి మందు. చరకుడు యాప్యమన్నది దీనినే. బలమైన మందందురు. సాల్బుటమాల్ మాత్రలో 2 లేక 4 మిల్లీగ్రాముల మందుండును. ఇన్‌హేలరు ఒక పీల్పులో 100 మైక్రోగ్రాములు, అనగా మాత్రలో ఇరువదవ వంతో, నలువదవ వంతో. ఒళ్లంతయు తిరుగక నేరుగా ఊపిరిగొట్టమునకే చేరును గనుక అంత స్వల్పము చాలును. ఆడపిల్ల చేతిలో గొట్టము చూచినచో సంబంధములు తప్పిపోవునని దాచువారున్నారు. పెదవులు నీలమైన పిల్లకంటె గొట్టము పట్టిన పిల్ల మేలు కాదా?

ఇన్‌హేలరులు రెండు విధములు. ఒకటి బిగువును అప్పటికప్పుడు సడలించునది. రెండవది వాపును మెల్లగా తగ్గించునది. దీనిని వైద్యుడు చెప్పినట్లు, బాగున్న దినములలోను తీసికొని, తరువాత నోరు పుక్కిలించి ఉమియవలెను. మొదటిదానివలన వెంటనే సుఖము కలుగును గనుక పలువురు దానినొక్కటే వాడుదురు. అది చాలదనియు, వాపు తగ్గించు మందు తప్పక యుండవలెననియు 2019నుండి అంతర్జాతీయ వైద్యనిపుణులు స్పష్టముగా చెప్పుచున్నారు. కొందరికి రెండును కలిసిన ఇన్‌హేలరును వ్రాయుదురు.

ఆపద వచ్చినపుడు చేయవలసినది చెప్పెదను, వ్రాసికొనుడు. రోగిని పండుకొననీయక నిటారుగా కూర్చుండబెట్టుడు. సడలించు ఇన్‌హేలరును బాగుగా కుదిపి, స్పేసరు అను బుర్రకు తగిలించి, ఒక్కొక్క పీల్పు వదలి, ప్రతి పీల్పునకు నాలుగైదు మారులు మెల్లగా గాలి పీల్పించుడు. ఇట్లు నాలుగు పీల్పులు ఇచ్చి చూడుడు. తగ్గనిచో పదివరకు ఈయవచ్చును. ఇరువది నిమిషములకు మరల ఈయవచ్చును. స్పేసరు లేనిచో అరలీటరు ప్లాస్టికు సీసా అడుగున ఇన్‌హేలరు మూతి బిగువుగా పట్టునట్లు రంధ్రము చేసి, సీసా మూతిని నోట పెట్టుకొనవచ్చును. 1999లో దక్షిణాఫ్రికా వైద్యులు పిల్లలపై పరీక్షించి, ఇట్లు చేసిన సీసా కొన్న స్పేసరుతో సమానముగా పనిచేయునని చూపిరి. ఒక్క వాక్యమైనను పూర్తిగా పలుకలేకున్నను, పక్కటెముకల నడుమ చర్మము లోనికి లాగికొనుచున్నను, పెదవులు నీలమైనను, మగతగా నున్నను, కూత హఠాత్తుగా ఆగినను క్షణము ఆలస్యము చేయక 108కి ఫోను చేయుడు. బండి వచ్చువరకు పీల్పులు ఆపవలదు. అప్పుడు గుళికలకు గాని, కషాయములకు గాని వేళ కాదు.

ఇంటిలో చేయదగినవి మీకు తెలియనివి కావు. దోమలచక్రమును ముట్టింపక దోమతెర కట్టుడు. కట్టెలపొయ్యి పొగ బయటికి పోవు దారి చేయుడు. బీడి, చుట్ట ఇంటిలో కాల్పవలదు. కల్లములో మిరప ఎత్తునపుడును, ధాన్యము తూర్పార పట్టునపుడును ఉబ్బసరోగి దూరముగా నుండవలెను. గట్లమీద పెరుగు వయ్యారిభామను పూతకు రాకముందే పెరికివేయుడు. మన గ్రంథాలయపు పాత పుస్తకములను దులుపు పని కూడ ఉబ్బసము లేని వాలంటీర్లకే అప్పగింపవలెనని కార్యదర్శిగారికి మనవి.

ఇంత చెప్పిన పిదప, నా పెట్టె సంగతి ఏమని అడుగుదురు. ఆ పెట్టె ఇప్పటికిని కలదు. ఆదివారము వరండాలో ఇప్పటికిని కూర్చుందును. నన్ను చూడ వచ్చినవారి మాట అరగంటసేపు వినుట నాకు హోమియో నేర్పిన మంచిగుణము, దానిని విడువను. ఆసుపత్రిలో అంతసేపు వినుటకు ఎవరికి తీరిక? జలుబునకో, మనసు బాగుండకపోవుటకో గుళిక అడిగినచో ఇత్తును. కాని ఆయాసముతో వచ్చినవానిని మొదట అడుగునది, "నీ ఇన్‌హేలరు ఏది? నేడు పీల్చితివా?" అని. ఏనాడును ఇన్‌హేలరు చూడనివానిని ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పంపుదును. వెళ్ళుటకు వెరచినచో నేనే తోడుగా పోదును. మాన్పించినవారికి మరల పట్టించితిని. నమోదైన హోమియో వైద్యునియొద్ద మందు వాడుచున్నవారు వాడుకొనవచ్చును, వారిని పరిహసింపను. ఊపిరి మందును మాత్రము ఎవరి మాటపైనను మానవలదు, నావంటి పెద్దమనిషి ఎంత ఆప్యాయముగా చెప్పినను సరే.

చివరకు గ్రంథాలయమువారికి రెండు కోరికలు. ఊపిరిబలమును కొలుచు ఆ చిన్న గొట్టమును ఒకదానిని కొని, ఎవరి నోటిమూతి వారికి వేరుగా నుండునట్లు ఏర్పాటుచేసి, కార్యాలయమున ఉంచుడు. ఉబ్బసరోగులు వారమున కొకమారు వచ్చి ఊది, అంకెను ఒక పుస్తకమున వ్రాసికొనిపోవుదురు. అంకె పడిపోవుచున్నచో నోరు చెప్పకముందే తెలియును. రెండవది, మూడవ బీరువాలోని హోమియో పుస్తకములను తీసివేయవలదు. ఒక కాలమున మనుష్యులు ఎట్లు ఆలోచించిరో అవి చెప్పును. వాని ప్రక్కనే ఊపిరితిత్తుల వ్యాధులపై నేటి వైద్యులు తెలుగున వ్రాసిన పుస్తకములను చేర్చుడు. నేను ఒక బీరువాను చదివి, రెండవదానిని చదువలేదు. ఆ తప్పునకు మూల్యము మా అక్కగారు చెల్లింపవలసి వచ్చెడిదే. దైవము దయదలచినాడు, 108 బండి వేళకు వచ్చినది.

గ్రంథాలయమున ఒక పుస్తకమునకు మరియొక పుస్తకము సమాధానము చెప్పును. రెండింటిని చదివినవాడే చదువరి.